కారుకు నాలుగు తలుపులు

నవంబర్ 6

అన్నయ్యా,

ఈ ఉత్తరం నిలబడి చదువుతుంటే ముందు కూర్చో. నేను సినిమా హాలు పెడుతున్నాను.

కంగారుపడకు, మతి బాగానే ఉంది. మన డ్రైవింగ్ స్కూలు సంగతి నీకు తెలిసిందే. పక్క వీధిలో ఏసీ కార్లతో కొత్త స్కూలు ఒకటి వెలిసింది. అక్కడ నేర్పేవాళ్లు తిట్టరట. నాది నాన్న దగ్గర నేర్చుకున్న విద్య, క్లచ్ ఎక్కడుందో చెప్పాలంటే ముందు రెండు తిట్లు రావాలి. జనం తిట్లు లేని చోటికి పోతున్నారు. మైదానంలో పొద్దున ఇద్దరు, సాయంత్రం ఇద్దరు. మిగతా వేళంతా ఆఫీసు గదిలో కూర్చుని ఫ్యాను రెక్కలు చూస్తున్నాను. ఇలాగే ఇంకో ఏడాది సాగితే బోర్డు దించెయ్యడమే.

పోయిన వారం మీ బావ ఎవరిదో ప్రొజెక్టరు బాగుచేశాడు. ఆయన రేడియో షాపులో గోడ కనిపించదు కదా, అన్నీ అలమారలే. బొమ్మ పడుతోందో లేదో చూద్దామని సాయంత్రం చీకటి పడగానే దాన్ని మైదానంలోకి తెచ్చి కోల్డ్ స్టోరేజీ గోడ మీద వేశాడు. కిటికీ అన్నది లేని ఆ పెద్ద గోడ దేనికి పనికొస్తుందా అని ఇన్నేళ్లూ అనుకున్నాం చూడు, దాని నిండా ఒక మనిషి ముఖం! అప్పుడే క్లాసు అయిన నర్సమ్మ కారు దిగడం మానేసి చూస్తూ ఉండిపోయింది. రోడ్డు మీద పోయే బ్రెడ్డు వ్యాను ఆగింది. దాని వెనక టాక్సీ ఆగింది. కాసేపటికి నేను తిట్టకుండానే బళ్లన్నీ వరసలో నిలబడ్డాయి. ఆ బొమ్మకు మాట కూడా లేదు. అయినా ఎవరూ కదల్లేదు. టాక్సీ ఆయన అద్దం దించి, "ఏమ్మా, ఇంటర్వెల్ ఎప్పుడు?" అనడిగాడు.

ఆ మాట అప్పటినుంచి చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. కార్లలో కూర్చునే సినిమా చూసే హాలు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. మైదానం మనకుంది. చీకటి ఊరికే వస్తుంది. గోడ ఒక్కటే మనది కాదు.

మర్నాడే వెళ్లి ఐసావిడ తలుపు కొట్టాను. ఐస్ ఫ్యాక్టరీ కాస్తా కోల్డ్ స్టోరేజీ అయినా, దాన్ని ఎవరు నడిపితే వాళ్లను వీధంతా ఐసావిడ అనడం మాత్రం మారలేదు. చేతుల నిండా గ్రీజుతో బయటికొచ్చి, నేను చెప్పిందంతా విని, "ఆలోచించి చెప్తాను" అంది. నేను గేటు దాకా వచ్చాక వెనకనుంచి పిలిచి, "మీ అన్నయ్య ఇంకా ఆ దీవిలోనేనా?" అని అడిగింది. అవునన్నాను.

నువ్వొచ్చి రెండేళ్లు దాటింది. ఆ గాలిని కొలిచే పని ఎవరికైనా అప్పజెప్పి ఒకసారి రా. మైదానంలో సగం నీది కాబట్టి అడుగుతున్నాను, సరేనంటావా, కాదంటావా? కాదంటే ఆ ఉత్తరం నాకు అందలేదనుకుంటాను.

తిట్లు మరిచిపోతున్న
నీ చెల్లెలు


నవంబర్ 25

హారన్ తల్లికి,

కూర్చునే చదివాను. చదివాక లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. సరే. మైదానంలో నా సగం కూడా నీదే అనుకో. సినిమాలు వేసుకుంటావో, సర్కసు ఆడిస్తావో నీ ఇష్టం.

ఇక్కడ కొత్తగా చెప్పడానికేమీ లేదు. వాతావరణ కేంద్రంలో నేనూ, వంటాయనా, గాలీ. ముగ్గురిలో గాలే ఎక్కువ మాట్లాడుతుంది. ఫోను ఉన్నా అది పై ఆఫీసుకు గాలీవానా కబుర్లు చెప్పడానికే. మన కబుర్లకు పక్షానికోసారి వచ్చే పడవే దిక్కు. వంటాయనకు నీ సంగతి చెప్తే, "కార్లో కూర్చుంటే ముందు కారు అడ్డం రాదా?" అన్నాడు. ఆలోచించుకో.

నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్తాను. ఆ గోడ తూర్పు ముఖంగా ఉంది, నీ అదృష్టం. సాయంత్రం ఎండ గోడ వెనక్కి పోతుంది, బొమ్మ మీద పడదు. మూసిన కార్లో నలుగురు ఊపిరి వదిలితే అద్దాలకు లోపల ఆవిరి పట్టి, కథంతా పొగమంచులో జరిగినట్టుంటుంది. అద్దాలు రెండు వేళ్లంత దించమని చెప్పు. మొదటి ఆటకు రోజు పెట్టుకునేటప్పుడు నన్నడుగు. వానొస్తుందో రాదో చెప్పడానికే నాకు జీతమిస్తున్నారు.

ఇక ఐసావిడ నా గురించి అడిగిందన్నావు చూడు, అక్కడ నా గుండె జారింది. ఆవిడకు నేను గుర్తున్నానంటే ఆ గోడ వల్లే అయ్యుంటుంది. నేను మైదానంలో ఉన్న రోజుల్లో మన బళ్లు తగిలి దానికి పడ్డ సొట్టలన్నీ నా ఖాతాలోనే వేసుకుని ఉంటుంది. మళ్లీ అడిగితే అన్నయ్య సముద్రంలో కొట్టుకుపోయాడని చెప్పు.

బావను అడిగానని చెప్పు. ఆ ప్రొజెక్టరు ఎవరిదో వాళ్లకు తిరిగిచ్చేశాడా?

గాలికి తోడున్న
నీ అన్నయ్య


డిసెంబర్ 14

సముద్రంలో కొట్టుకుపోయిన అన్నయ్యకు,

నువ్వు చెప్పమన్న అబద్ధం చెప్పలేదు. చెప్పే అవసరమే రాలేదు. ఆలోచించి చెప్తానన్న మనిషి మూడోనాడే వచ్చి, "గోడ వాడుకోండి, నేనూ ఒక చెయ్యి వేస్తాను" అంది. అనడమే కాదు, వేసింది కూడా. ఈ నెలంతా ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగిపోయాయి, ప్రతిచోటికీ తోడొచ్చింది.

అగ్నిమాపక ఆఫీసులో జరిగింది మాత్రం నీకు చెప్పి తీరాలి. ఆఫీసరు సినిమా హాళ్లకు వాడే దరఖాస్తు ముందు పెట్టుకుని మొదలుపెట్టాడు.

"హాలుకు తలుపులెన్ని?"

"తలుపుల్లేవండీ."

"మరి నిప్పంటుకుంటే జనం బయటికెలా పోతారు?"

"బయటే ఉంటారండీ."

"అలా అంటే కుదరదమ్మా. తలుపుల గడి ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టలేను."

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఐసావిడ మాత్రం నెమ్మదిగా, "రాసుకోండి. కారుకు నాలుగు" అంది. ఆయన రాసుకున్నాడన్నయ్యా! కార్లెన్ని పడతాయో అడిగి, నాలుగుతో హెచ్చవేసి, "ఇన్ని తలుపులున్న హాలు ఇంతవరకూ నా చేతి మీదుగా పోలేదు" అని ముద్ర కొట్టాడు. బయటికొచ్చి ఇద్దరం మెట్ల మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాం. ఆవిడ అంతలా నవ్వగలదని నాకు ఇన్నాళ్లూ తెలీదు.

స్కూలు కార్లు రెండింటిలో ఒకటి అమ్మేసి ఆ ప్రొజెక్టరే కొనేశాను. వాళ్లకూ వదిలించుకోవాలనే ఉందట. ఇక వెనక్కి తిరిగే దారి లేదు. ఎత్తు మీద బండి ఆపి కదిలించడం నేర్పడానికి నాన్న పోయించిన మట్టిదిబ్బ ఉందే, అలాంటివే పొడుగ్గా వరసలు వరసలుగా పోయించాను. ముందు చక్రాలు దిబ్బ మీద, వెనక చక్రాలు కింద. బండి ముక్కు పైకి లేస్తుంది, ముందు కారు అడ్డం రాకుండా గోడంతా కనిపిస్తుంది. మీ వంటాయనకు చెప్పు.

గోడకు తెల్లరంగు వేసింది ఐసావిడా నేనూ. నేను కింద, ఆవిడ నిచ్చెన మీద. పనిచేస్తున్నంతసేపూ నీ సంగతులే. టీలో చక్కెర ఇంకా మూడు చెంచాలేనా, ఇంకా రాగం తప్పి పాడతాడా అని.

చుట్టూ తిప్పడం నాకు చేతకాదు, సూటిగా అడుగుతాను. నీకు నలభై నాలుగొచ్చాయి. ఆవిడా ఒంటరిదే. మంచి మనిషి, పనిమంతురాలు, నీ పేరెత్తగానే ముఖం వేరేగా అవుతుంది. ఒక మాట కదిపి చూడనా?

రంగు మరకల
నీ చెల్లెలు


జనవరి 3

చెల్లీ,

ఈసారి ముద్దుపేర్లేమీ లేవు.

నీ ఉత్తరం సగం దాకా నవ్వుతూ చదివాను. తలుపుల కథ వంటాయనకు రెండుసార్లు చెప్పాను. చివరికొచ్చేసరికి చేతిలో టీ గ్లాసు జారి పడింది. ఐసావిడతో నాకు పెళ్లి మాటా? నువ్వు రంగు వాసన పీల్చి రాశావా?

ఆవిడ వయసేమిటి, నా వయసేమిటి! ఆవిడను తలుచుకుంటే నాకు అమ్మ గుర్తొస్తుంది. ఎదురుపడితే చేతులు కట్టుకుని పక్కకు తప్పుకునే మనిషి ఆవిడ. ఆ గొంతు వింటే ఇప్పటికీ వెన్నులో వణుకు. నా టీలో చక్కెర ఎంతో ఆవిడకెలా తెలుసు? ఇన్నాళ్లూ గోడ వెనకనుంచి కనిపెడుతూనే ఉందన్నమాట! అసలు ఆ వయసులో ఆవిడను నిచ్చెన ఎందుకెక్కనిచ్చావు? జారిపడితే ఎముకలు అతుకుతాయా?

గోడ కావాలంటే అద్దెకు తీసుకో. అద్దెకు బదులు అన్నను ఇవ్వకు.

దిబ్బల ఆలోచన బాగుంది.

అన్నయ్య


జనవరి 21

అన్నయ్యా,

నువ్వు ఇంత మాట అంటావనుకోలేదు. ఇష్టం లేకపోతే లేదని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. అమ్మ గుర్తొస్తుందా? నీకంటే ఆవిడ రెండేళ్లు పెద్ద. అంతేగా! నలభై ఆరేళ్ల మనిషి నిచ్చెనెక్కితే ఎముకలు విరుగుతాయా? మూడు నెలలపాటు పక్క సీట్లో కూర్చుని బండి నేర్పినవాడివి, ఆవిడ గొంతుకు నీకు వణుకు పుట్టుకొచ్చిందా? అప్పుడు లేని వణుకు ఇప్పుడెక్కడిది?

నేను చదివి ఊరుకుంటే సరిపోయేది. నువ్వు రాసిన ప్రతి ముక్కా ఆవిడ విన్నది. ఎలాగంటావా, మీ బావ పుణ్యాన.

సినిమా మాటలు కార్లలోకి ఎలా పోతాయని నువ్వు అడగనేలేదు. ప్రతి కారులోనూ రేడియో ఉంటుంది కదా, ఆయన ఒక చిన్న పెట్టె తయారుచేశాడు. సినిమా శబ్దం అందులోకి పోతే మైదానం వరకే వినపడే రేడియో స్టేషన్ అవుతుంది. మొదట్లో నానా తిప్పలూ పెట్టింది. నేను కారులో కూర్చుని వింటుంటే, తెర మీద తల్లి కొడుకును హత్తుకుని ఏడుస్తోంది, రేడియోలో టాక్సీవాళ్ల గొంతు "స్టేషన్ దగ్గర ఇద్దరున్నారు, ఎవరెళ్తారు?" అంటోంది. ఆ గొడవ సర్దుకున్నాక, చివరి వరసదాకా వినపడుతోందో లేదో చూడాలన్నాడు. ఐసావిడ తన బండి తెచ్చి చివరి వరసలో పెట్టుకుని రేడియో పెట్టింది. మైకులో చదవడానికి ఏదైనా కాగితం కావాలి కదా. బల్ల మీద నీ ఉత్తరం ఉంది.

మీ బావ సంగతి నీకు తెలుసు. అక్షరాలు చదువుతాడు, అర్థం ఆయన చెవికెక్కదు. వార్తలు చదివినట్టు గంభీరంగా మొదటినుంచి చివరిదాకా చదివాడు. "దిబ్బల ఆలోచన బాగుంది, అన్నయ్య" అని ముగించి, దణ్ణం పెట్టినట్టు తల కూడా వంచాడు. నేను పరుగెత్తుకొచ్చేసరికే అయిపోయింది.

ఐసావిడ బండి దిగి ఆయన దగ్గరికి వచ్చింది. "సౌండు చాలా బాగుందండీ. ప్రతి మాటా వినపడింది" అంది. బండెక్కి వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఇటు రావడంలేదు. కరెంటు తీగ ఇస్తానన్న మాట తప్పలేదు, మనుషులను పంపించి లాగించింది. తను మాత్రం కనపడదు. ఫిబ్రవరి 16న మొదటి ఆట, మీరు లేకపోతే ఎలా అని కబురు పెడితే, ఆ రోజు ఊళ్లో ఉండను అని కబురొచ్చింది. ఈ పని సగం ఆవిడ చేతి మీద జరిగింది అన్నయ్యా. ఇప్పుడు ఆ గోడ చూస్తే నాకు సంబరం కలగడంలేదు.

వాన సంగతి చెప్తానన్నావు. అదైనా సరిగ్గా చెప్పు.

చెల్లెలు


ఫిబ్రవరి 9

చెల్లెమ్మా,

రెండేళ్లు అన్న మాట దగ్గర ఆగిపోయాను. రెండేమిటి, పాతిక ముప్పై ఉంటుంది కదా అనుకున్నాను. బండి నేర్పడమేమిటి అనుకున్నాను. అప్పుడు బుర్ర వెలిగింది. వెలిగాక తల బల్లకేసి కొట్టుకుంటే వంటాయన పరుగెత్తుకొచ్చాడు.

నాకు ఐసావిడ అంటే పెద్దావిడ! చేతికర్రతో గేటు దగ్గర నిలబడి, మన బండి గోడ దరిదాపులకొస్తే ఒంటికాలి మీద లేచే పెద్దావిడ. పోయినసారి నేను సెలవుకొచ్చినప్పుడు గేటు దగ్గర ఉన్నది ఆవిడే. ఎక్కడో దూరాన ఉద్యోగం చేసుకుంటున్న కూతురు తిరిగొచ్చిందనీ, ఆ కర్ర స్థానంలో తను నిలబడిందనీ, ఇప్పుడు వీధంతా ఐసావిడ అంటున్నది తననేననీ నాకు ఎవరు చెప్పారు? నువ్వు నన్ను డెబ్భై దాటిన పెద్దమనిషికిచ్చి చేస్తున్నావనుకుని నేను ఇక్కడ నిద్రలో ఉలిక్కిపడుతున్నాను.

నిజం చెప్పనా? ఆమె బండి నడపడం వారంలో నేర్చేసుకుంది. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా రివర్సు ఒక్కటీ రావడంలేదంటూ మూడు నెలలు వచ్చింది, నేను మూడు నెలలు నేర్పాను. ఆమె గేరు మారిస్తే నాకు మాట ఆగిపోయేది. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటుండగానే ఉద్యోగమొచ్చి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాకు ఈ దీవి అయినా, ఇంకో దీవి అయినా ఒకటే అనిపించింది. ఆమెను చూస్తే అమ్మ గుర్తొస్తుందని రేడియోలో వినిపించాడా బావ! నేను నిజంగానే సముద్రంలో కొట్టుకుపోయి ఉంటే బాగుండేది.

పరుగెత్తుకొచ్చేద్దామంటే బదులు మనిషి వచ్చేదాకా ఇక్కడినుంచి కదలకూడదు. సెలవుకు రాశాను. ఉత్తరమైనా వెంటనే పంపుదామంటే అలలు ఎక్కువై పడవ రేవులోకి రావడంలేదు. అది వచ్చేదాకా రోజూ దీన్ని జేబులో పెట్టుకుని రేవుకు వెళ్లి, తడిసి వస్తుంటాను. ఆటకు ముందే నీకు చేరితే ఆమెకు చూపించు. మాటలు వెతుక్కుని నువ్వు చెప్పొద్దు, ఉన్నదున్నట్టు చూపించు. బావ చేతికి మాత్రం ఇవ్వకు.

పదహారున మీ దగ్గర ఆకాశం అద్దంలా ఉంటుంది. పటాలు చూసి, లెక్క కట్టి, గుండె మీద చెయ్యి వేసి చెప్తున్నాను. చినుకు పడదు.

తలబొప్పి కట్టిన
నీ అన్నయ్య


ఫిబ్రవరి 20

అన్నయ్యా,

వానొచ్చింది.

చినుకు కాదు, ఆకాశానికి చిల్లు పడ్డట్టు. కానీ ముందునుంచీ చెప్తాను. నీకు కావలసిన సంగతి కింద ఉంది, మధ్యలోది వదిలేసి అక్కడికి దూకావంటే ఊరుకోను.

పొద్దు వాలేసరికి మైదానం గేటు ముందు బళ్ల వరస వీధి మలుపు దాటింది. బ్రెడ్డు వ్యాను ఆయన వెనక తలుపు గోడ వైపు తిప్పి, లోపల పరుపు వేసి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టాడు. నర్సమ్మ తన సొంత కారు తనే నడుపుకుంటూ వచ్చి, దిబ్బ మీద ఒక్క ఊపుకు ఎక్కించి ఆపింది. నాకు తిట్టడానికి ఏమీ దొరకలేదు. అగ్నిమాపక ఆఫీసరు పెళ్లాం పిల్లలతో వచ్చాడు. కారు లేని ముసలి దంపతులు ఇంటినుంచి చెరో కుర్చీ మోసుకొచ్చారు. వాళ్లను మన స్కూలు కారులో కూర్చోబెట్టాను. ఆయన స్టీరింగ్ ముందు కూర్చుని సినిమా సాగినంతసేపూ గేర్లు మారుస్తూనే ఉన్నాడు.

వేసింది పాత హాస్య సినిమా. నవ్వు ఎక్కడ పుడుతుందో బయట నిలబడ్డవాళ్లకు తెలియదు, అద్దాలు కొద్దిగా దించి ఉన్నాయి కదా, మైదానమంతా గుసగుసలాడుతూ నవ్వినట్టుంది. ఒకడు మాత్రం హెడ్‌లైట్లు ఆర్పలేదు. కథానాయిక బుగ్గల మీద రెండు చందమామలు! నేను వెళ్లి వాడి అద్దం మీద తట్టి నాన్న గొంతుతో ఒక్కటి అందుకున్నాను. పక్క కార్లవాళ్లు హారన్లు కొట్టారు. మొదట నన్ను తిడుతున్నారనుకున్నాను. కాదట, చప్పట్లట.

అప్పుడు నువ్వు గుండె మీద చెయ్యి వేసి పడదన్న వాన పడింది. అందరూ బళ్లు తిప్పుకుంటారు, అయిపోయింది అనుకున్నాను. ముందు వరసలో ఒక కారు వైపర్లు వేసింది. పక్కది వేసింది. చూస్తుండగానే మైదానం నిండా వైపర్లు ఊగడం మొదలుపెట్టాయి. ఒక్క బండీ కదల్లేదు. గొడుగు కింద నేనూ మీ బావా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. వాన వల్లే అన్నాడు.

సంతోషం నిండా పావుగంట నిలవలేదు. కరెంటు పోయింది. వీధి మొత్తం పోయింది. గోడ మీద బొమ్మ లేదు, రేడియోలో మాట లేదు, వాన చప్పుడొక్కటే. వెనక వరసలో ఎవరో ఇంజను తిప్పారు. ఇంకొకరు తిప్పారు. ఇక నిలబడరనుకుంటుండగా కోల్డ్ స్టోరేజీ పక్క తలుపు తెరుచుకుంది. చేతిలో టార్చి, ఒంటి మీద రెయిన్‌కోటు. ఊళ్లో ఉండనన్న మనిషి ఎక్కడికీ పోలేదు. లోపల మెట్ల మీద కూర్చుని మన సినిమా మాటలు చిన్న రేడియోలో వింటూ ఉందట.

"మా జనరేటర్ మీద రెండు కంప్రెసర్లు నడుస్తున్నాయి. ఒకటి ఆపేసి మీకు లైను ఇస్తున్నాను. తలుపులు తియ్యకపోతే చల్లగదులకేమీ కాదు" అంది.

"మీకు నష్టమొస్తుందేమో?" అన్నాను.

"సినిమా సగంలో ఆపితే నాకు నిద్ర పట్టదు, చివరికేమైందో నాకూ తెలియాలి" అంది.

గోడ మళ్లీ వెలిగింది చూడు, ఆ హారన్లు నీ దీవి దాకా వినపడలేదా?

ఆట అయ్యాక ఇంకో కథ. రేడియోలూ వైపర్లూ నడిచి నడిచి చాలా కార్ల బ్యాటరీలు చచ్చిపోయాయి. తాళం తిప్పితే కిర్రుమని ఊరుకుంటున్నాయి. అందరూ వానలోనే దిగి ఒకరి బండి ఒకరు తోశారు. అగ్నిమాపక ఆఫీసరు బ్రెడ్డు వ్యాను తోశాడు. "సెకండు గేరులో పెట్టు! ఇప్పుడు క్లచ్ వదులు! ఇప్పుడంటే ఇప్పుడే, రేపు కాదు!" అని నేను గొంతు చించుకుంటూ మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తాను. ఆవిడా ఒక చెయ్యి వేసింది, బురదలో మోకాళ్ల దాకా మునిగి. మర్నాడు ఆఫీసు గది ముందు జనం. సినిమా టికెట్ల కోసమనుకున్నాను. "నిన్న అరిచింది మీరేనా అండీ? మాకు బండి నేర్పాలి" అన్నారు. తిట్లు కావలసినవాళ్లు కూడా ఉంటారన్నయ్యా, మనకు తెలీలేదు. ఈ శనివారం ఆటకు చోటంతా ఇప్పటికే నిండిపోయింది.

ఇక నీ సంగతి.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. తడిసి, సగం అక్షరాలు అలుక్కుపోయి. చదువుతూనే చెప్పులు కూడా వేసుకోకుండా కోల్డ్ స్టోరేజీకి పరుగెత్తాను. కూతురు తిరిగొచ్చిందని నీకు రాయమని మీ బావకు అప్పుడే చెప్పాను. నిలదీస్తే, "రాద్దామనే అనుకున్నాను. అలా అనుకుంటూ ఉంటే రాసేసినట్టే అనిపించింది" అన్నాడు. ఆయనను ఏమనాలో నువ్వే చెప్పు.

ఆవిడ నీ ఉత్తరం కంప్రెసర్ పక్కన నిలబడి చదివింది. పెద్దావిడ దగ్గరికి వచ్చేసరికి, "మా అమ్మను చేసుకోమన్నారనుకున్నాడా?" అని గోడ పట్టుకుని నవ్వింది. పెద్దావిడ ఇప్పుడు చిన్న కూతురి దగ్గర మోకాళ్లకు వైద్యం చేయించుకుంటోంది, ఈ సంగతి వాళ్లమ్మకు చెప్పకూడదని మన ఐసావిడ నాచేత ఒట్టు వేయించుకుంది. తర్వాత మళ్లీ మొదటినుంచి చదివింది. ఈసారి నవ్వలేదు. రివర్సు దగ్గర ఆగి, "నాకు మొదటిరోజే వచ్చింది" అంది. కాగితం మడిచి, నాకు తిరిగివ్వకుండా జేబులో పెట్టుకుంది.

నోరు మూసుకుని ఉండడం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు. చివరికి తనే, "మళ్లీ పడవ ఎప్పుడు?" అని అడిగింది.

అందుకే ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. కోల్డ్ స్టోరేజీ తాళాలు నా చేతిలో పెట్టి, ఏ గది ఎంత చల్లగా ఉండాలో మీ బావచేత మూడుసార్లు అప్పజెప్పించుకుని, పడవెక్కింది. ఇంత దూరం అలల మీద రావడం ఆమెకు ఇదే మొదటిసారి. నీ చేతికి ఇది ఎవరిచ్చారో నీకు తెలుసు. నీ అలవాటు నాకు తెలుసు. మాట్లాడే ధైర్యం చాలక కాగితంలో తల దూర్చి, చివరి అక్షరం దాకా చదువుతూనే ఉంటావు.

నేను ఇక ఒక్క ముక్క కూడా రాయను. తలెత్తు.

నీ చెల్లెలు